రద్దీకి లెక్క కట్టిన ఉపాధ్యాయుడు: ఎర్లాంగు జీవితము

పదార్థ విజ్ఞానశాస్త్రమును చదువు విద్యార్థులు వోల్టు, ఆంపియరు, ఓము, వాటు అను మాటలను తరచుగా పలుకుచుందురు. ఇవి యన్నియు ఒకప్పుడు మనుష్యుల పేర్లే. వోల్టా ఇటలీ దేశస్థుడు, ఆంపియరు ఫ్రెంచివాడు, ఓము జర్మనీవాడు, వాటు స్కాట్లండువాడు. ఈ వరుసలో చేరదగిన పేరు మరియొకటి కలదు. పాఠశాల తరగతులలో అది అంతగా వినబడదు గాని, టెలిఫోను ఇంజనీర్లకు అది నిత్యము వాడుకలోని మాట. ఆ పేరు ఎర్లాంగు. విద్యుత్తు యొక్క ఒత్తిడిని వోల్టులతో కొలిచినట్లే, టెలిఫోను మార్గములమీది సంభాషణల రద్దీని ఎర్లాంగులతో కొలుతురు.

సెల్‌ఫోను చేతబట్టి, అంకెలు నొక్కి, మార్గములన్నియు పనిలో నున్నవను యంత్రపు మాటను విననివారు మనలో అరుదు. పండుగనాడు శుభాకాంక్షలు తెలుపబోయి ఆ మాట విన్నచో కొంచెము విసుగు కలుగును, అంతతో సరి. కాని అర్ధరాత్రమున ప్రసవవేదన పడుచున్న స్త్రీ యింటినుండి వైద్యునకై చేసిన పిలుపు అట్లు తిరుగబడినచో, అది విసుగుతో తీరిపోవు సంగతి కాదు. ఎన్ని మార్గములున్నచో నూటికి ఎన్ని పిలుపులు తిరుగబడును? తిరుగబడనివారు ఎంతసేపు వేచియుండవలసివచ్చును? ఈ ప్రశ్నలకు ఊహతో గాక లెక్కతో ప్రత్యుత్తరము చెప్పినవారిలో అగ్రగణ్యుడు డెన్మార్కు దేశపు ఒక పల్లెటూరి ఉపాధ్యాయుని కుమారుడు. తానును కొన్ని సంవత్సరములు ఉపాధ్యాయుడుగా నుండినవాడే. ఆయన చరిత్రమును మన విద్యార్థులు తెలిసికొనుట మంచిది.

అగ్నర్ క్రారుప్ ఎర్లాంగు 1878వ సంవత్సరము జనవరి 1వ తేదీన జన్మించెను. డెన్మార్కు దేశమునకు పడమటి భాగమైన జట్లండు ద్వీపకల్పములో, టార్మ్ అను చిన్న పట్టణమునకు సమీపమున లొన్‌బోర్గ్ అను గ్రామము కలదు. తండ్రియగు హాన్స్ నీల్సెన్ ఎర్లాంగు ఆ గ్రామములో బడిపంతులు. అక్కడి దేవాలయమునకు గుమాస్తాగా కూడ పని చేసెడివాడు. తల్లి మాగ్దలీన్ క్రారుప్ అనునామె బోధకుల కుటుంబమునుండి వచ్చినది. ఆమె పూర్వికులలో 16వ శతాబ్దమునకు చెందిన థామస్ ఫింకె అను గణితవేత్త యొకడు. మనము త్రికోణమితిలో వాడు టాంజెంటు, సీకెంటు అను మాటలను 1583లో ప్రవేశపెట్టినవాడు ఇతడే. ఎర్లాంగునకు ఫ్రెడరిక్ అను అన్నయు, ఇద్దరు అక్కచెల్లెండ్రును ఉండిరి.

బాల్యమున ఆయన చదువు తండ్రివద్దనే సాగెను. సాయంకాలమున దీపము వద్ద అన్నయు తమ్ముడును ఒకే పుస్తకమును చదువవలసి వచ్చినప్పుడు, అన్న పుస్తకము నెదుట పెట్టుకొని చదువుచుండగా, తమ్ముడు బల్లకు ఆవలి ప్రక్కను కూర్చుండి అక్షరములను తలక్రిందులుగానే చదువుకొనెడివాడని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. ఒక్క పుస్తకమును ఇద్దరు ఒకే కాలమున వాడుకొను విద్యను ఆయన చిన్నతనముననే అభ్యసించెనని మనము నవ్వుచు చెప్పుకొనవచ్చును. ఖగోళశాస్త్రముపై ఆయనకు మిక్కిలి ప్రీతి. నక్షత్రములను గూర్చి పద్యములు కూడ వ్రాసెడివాడట.

పదునాలుగవ యేట ఆయన కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయమువారి ప్రాథమిక పరీక్షకు వెళ్లెను. వయస్సు చాలనందున ప్రత్యేకమైన అనుమతి పొందవలసివచ్చెను. ఆ పరీక్షలో ఆయన ప్రశంసతో ఉత్తీర్ణుడయ్యెను. తరువాత ఇంటికి తిరిగివచ్చి, రెండు సంవత్సరములు తండ్రి బడిలోనే సహాయోపాధ్యాయుడుగా పనిచేయుచు, లాటిను, ఫ్రెంచి భాషలను నేర్చుకొనెను. అటుపిమ్మట ఒక దూరపు బంధువు తన యింట నుంచుకొని చదివించెదనని పిలువగా, హిల్లెరోడ్ పట్టణమునకు పోయి అక్కడి ఫ్రెడరిక్స్‌బోర్గ్ పాఠశాలలో విశ్వవిద్యాలయ ప్రవేశమునకు సిద్ధపడెను. 1896లో ప్రవేశపరీక్షయందు మరల ప్రశంసను పొందెను. బడిపంతులు ఆదాయముతో కుమారుని రాజధానిలో చదివించుట సులభము కాదు. అయితే విద్యార్థివేతనమును, విద్యార్థుల వసతిగృహములో ఉచితముగా భోజన నివాసములును లభించుటచే ఆ ఆటంకము తొలగెను. 1901లో గణితము ముఖ్యవిషయముగాను, ఖగోళ, పదార్థ, రసాయన శాస్త్రములు ఇతర విషయములుగాను ఆయన ఎం. ఏ. పట్టము పొందెను.

తరువాతి ఏడు సంవత్సరములు ఆయన వేరువేరు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా నుండెను. మనస్సు పరిశోధనపైననే యున్నను బోధనయందు ఆయనకు మంచి నేర్పు కలదు. పగలు పిల్లలకు పాఠములు చెప్పుచు, తీరికవేళలలో గణితమును విడువక సాధన చేయుచుండెను. విశ్వవిద్యాలయమువారు ఇచ్చిన బహుమాన ప్రశ్నకు, హైగెన్స్ అను డచ్చి శాస్త్రజ్ఞుని గణితపద్ధతులను గూర్చి ఆయన వ్రాసిన వ్యాసమునకు 1904లో ప్రశంస లభించెను. గణితవేత్తల సంఘము సమావేశములకు కూడ ఆయన క్రమముగా పోవుచుండెను. ఈ సమావేశములే ఆయన జీవితమును త్రిప్పినవి.

ఆ సంఘములో యెన్సెన్ అను పెద్దమనుష్యుడు ఉండెను. గణితములో నేటికిని యెన్సెన్ అసమానత్వ మను సిద్ధాంతము ఆయన పేరుననే ప్రసిద్ధి కెక్కియున్నది. ఇంతటి గణితవేత్తయైనను ఆయన ఏ కళాశాలలోను ఆచార్యుడు కాడు. కోపెన్‌హాగన్ టెలిఫోను కంపెనీలో ముఖ్య ఇంజనీరు. ఆయన ఎర్లాంగును కంపెనీ నిర్వాహకుడగు ఫ్రెడరిక్ యొహాన్సెన్ అను ఆయనకు పరిచయము చేసెను. యొహాన్సెన్ కూడ సామాన్యుడు కాడు. టెలిఫోను చందాదారులు ఎంతసేపు వేచియుండవలసివచ్చుచున్నదో, ఎన్ని పిలుపులు వ్యర్థమగుచున్నవో స్వయముగా ఆలోచించి వ్రాసినవాడు. తన తలంపులకు గట్టి గణితాధారము కావలెనని ఆయన కోరుచుండెను. 1908లో ఎర్లాంగు బడిని విడిచి ఆ కంపెనీలో ప్రవేశించి, దాని ప్రయోగశాలకు అధికారి యయ్యెను. మరణ పర్యంతము ఇరువది సంవత్సరములు అక్కడనే యుండెను.

ఆ కాలపు టెలిఫోను పని యెట్లు జరుగుచుండెనో తెలియనిదే ఎర్లాంగు చేసిన ఉపకారము మనకు బోధపడదు. చందాదారుడు ఫోను నెత్తగానే ఎక్స్చేంజిలో కూర్చున్న స్త్రీ ఎదుట ఒక గుర్తు కనబడును. ఆమె యొక తీగను అతని రంధ్రములో గ్రుచ్చి, ఎవరు కావలెనో అడిగి, రెండవ కొనను ఆ రెండవవారి రంధ్రములో గ్రుచ్చును. ఒక ఎక్స్చేంజినుండి మరియొక ఎక్స్చేంజికి పోవు తీగలు కొన్ని మాత్రమే యుండును. అవి యన్నియు మాటలతో నిండియున్న సమయమున వచ్చిన పిలుపు తిరుగబడవలసినదే. తీగలు మితిమీరి వేసినచో ఖర్చు పెరుగును. ఆ ఖర్చు చందారూపమున ప్రజలమీదనే పడును. బీదవారికి టెలిఫోను అందని వస్తువగును. తీగలు తక్కువ వేసినచో అవసరమైన వేళ పిలుపు అందదు. ఈ రెండు కీడుల నడుమ ఎచ్చట నిలువవలెనన్నది ప్రశ్న.

చూచుటకు ఇది సులభమైన లెక్కవలె కనబడును. ఒక ఎక్స్చేంజికి గంటకు 40 పిలుపులు వచ్చుననియు, ఒక్కొక్క సంభాషణ సగటున 3 నిమిషములు జరుగుననియు అనుకొందము. మొత్తము 120 నిమిషముల మాటలు, అనగా రెండు గంటల మాటలు. గంటసేపటిలో రెండు గంటల మాటలు నడుచుటకు రెండు తీగలు చాలునని మన తరగతిలోని పిల్లవాడు వెంటనే చెప్పును. కాని చాలవు. ఏలయనగా పిలుపులు బడికి వచ్చు పిల్లలవలె వరుసగా రావు. ఒకసారి నాలుగు కలిసి వచ్చును. మరియొకసారి చాలసేపు ఒక్కటియు రాదు. ఖాళీగా గడచిన నిమిషమును దాచియుంచి, రద్దీ వేళ వాడుకొనుటకు వీలులేదు.

1909లో ప్రకటించిన తన వ్యాసములో ఎర్లాంగు ఈ క్రమరాహిత్యములో కూడ ఒక క్రమము కలదని చూపెను. పిలుచువారు ఒకరి నొకరు ఎరుగక, ఎవరి అవసరము కొలది వారు పిలుచుచున్నప్పుడు, ఆ పిలుపుల సంఖ్య ఫ్రెంచి గణితవేత్తయగు పాయిసన్ అంతకుపూర్వమే చెప్పిన నియమమును అనుసరించునని ఆయన నిరూపించెను. నిమిషమునకు సగటున 2 పిలుపులు వచ్చు ఎక్స్చేంజిని 100 నిమిషములు గమనించినచో, సరిగా రెండు పిలుపులు వచ్చు నిమిషములు దాదాపు 27 మాత్రమే. 13 లేక 14 నిమిషములలో పిలుపు ఒక్కటియైనను రాదు. సుమారు 5 నిమిషములలో అయిదు గాని అంతకంటె ఎక్కువ గాని వచ్చిపడును. ఏ నిమిషమున ఏమి జరుగునో ఎవడును చెప్పజాలడు. కాని నూరు నిమిషములలో ఎట్లుండునో లెక్క చెప్పగలదు. ఒక్కని మనస్సు తెలియకున్నను సమూహము యొక్క నడవడి తెలిసికొనవచ్చునను ఈ సంగతియే ఆయన పనికంతకును పునాది.

ఈ పునాదిమీద ఆయన 1917లో తన ముఖ్య వ్యాసమును నిర్మించెను. అప్పటికి స్త్రీలు తీగలు గ్రుచ్చు ఎక్స్చేంజిలకు బదులు తమంతట తామే పనిచేయు యంత్రపు ఎక్స్చేంజిలు వచ్చుచుండెను. వానిలో ఎన్ని మార్గములుంచవలెనో ముందుగానే తేల్చవలసియుండెను. ఎర్లాంగు ఆలోచన ఇట్టిది: ఒక తొట్టిలోనికి నీరు పడుచు, అడుగునుండి కారుచు నుండగా, కొంతసేపటికి పడునదియు కారునదియు సమానమై మట్టము నిలుకడ చెందును. అట్లే ఎక్స్చేంజిలో క్రొత్త మాటలు మొదలగుచు, పాత మాటలు ముగియుచు నుండగా, పనిలో నున్న మార్గముల సంఖ్యకు ఒక విధమైన నిలుకడ యేర్పడును. ఆ నిలుకడనుండి ఆయన సూత్రమును సాధించెను.

పైని చెప్పిన ఎక్స్చేంజికే ఆ సూత్రమును వర్తింపజేసి చూతము. 40 పిలుపులు, 3 నిమిషముల మాటలు. నేటి పరిభాషలో ఇది 2 ఎర్లాంగుల రద్దీ. ఒక మార్గము ఒక గంట పూర్తిగా నిండియున్నచో అది ఒక ఎర్లాంగు. రెండు మార్గములే యున్నచో ప్రతి 5 పిలుపులలో 2 తిరుగబడును. మూడున్నచో 19లో 4. నాలుగున్నచో 21లో 2. అయిదున్నచో నూటికి దాదాపు 4. ఆరున్నచో నూటికి ఒకటికి కొంచెము మించి తిరుగబడును. మార్గములు ఎన్ని వేసినను తిరుగబడుట సున్న కాదు. ఎర్లాంగు మనకు చెప్పిన కఠినమైన సత్యమిది. పంచుకొని వాడుకొను వస్తువునందు నిరాకరణమును పూర్తిగా మాన్పుట సాధ్యము కాదు. ఎంత నిరాకరణమును ఓర్వవలెనో ముందుగా తెలిసి నిర్ణయించుకొనుట మాత్రము సాధ్యము. తెలియక చేసిన అన్యాయమునకును, తెలిసి నియమించుకొన్న హద్దునకును ఎంతో భేదము కలదు.

ఆయన సూత్రము మరియొక మంచి సంగతిని కూడ తెలుపుచున్నది. నూటికి 2 పిలుపులకంటె ఎక్కువ తిరుగబడరాదని నియమము పెట్టుకొందము. పది మార్గముల గుంపు 5 ఎర్లాంగులకు కొంచెము మించి మోయగలదు. అట్టి గుంపులు రెండు వేరువేరుగా నున్నచో రెండును కలిసి మోయునది సుమారు 10 మాత్రమే. కాని ఆ ఇరువది మార్గములను ఒక్కటిగా కలిపినచో, అదే నియమముతో 13 ఎర్లాంగులను మోయును. క్రొత్త తీగ ఒక్కటియు వేయలేదు. ఉన్నవానిని కలిసి వాడుకొనుటయే లాభము. ఒక గుంపులో రద్దీగా నున్నవేళ మరియొక గుంపులో ఖాళీ యుండుటయే దీనికి కారణము. రెండు వాకిళ్లయందు వేరువేరు నూతులు త్రవ్వుకొన్నవారికంటె, ఒక్క ఊరబావిని కలిసి వాడుకొనువారికి నీరు చాలుట ఎట్లో ఇదియు అట్లే.

పిలుపు తిరుగబడక వేచియుండు పద్ధతికి కూడ ఆయన లెక్క కట్టెను. ఒకే మార్గమున్న చోట, మాటల నిడివి కూడ క్రమములేక మారుచున్నప్పుడు, ఆ మార్గము సగము కాలము పనిలో నున్నచో, వచ్చినవాడు సగటున ఒక సంభాషణ కాలము వేచియుండును. నూటికి 80 వంతులు పనిలో నున్నచో నాలుగు సంభాషణల కాలము. 90 వంతులైనచో తొమ్మిది సంభాషణల కాలము. రద్దీ కొంచెము పెరిగినను ఆలస్యము కొండంత యగుట ఇందువలననే. నిండుకుండవలె పూర్తిగా నింపిన మార్గము లాభమని తలచు వ్యాపారికి ఈ లెక్క గొప్ప హెచ్చరిక.

ఇట్టి పనులలో మునిగియున్నవాడు ఎల్లప్పుడు బల్లవద్దనే కూర్చుండెనని తలపవలదు. కోపెన్‌హాగన్ వీథులక్రింద టెలిఫోను తీగలు పోవు సొరంగములలో దారితప్పిన విద్యుత్ప్రవాహములు తీగలకు హాని చేయుచుండెను. వానిని కొలుచుట ఎర్లాంగు పనులలో నొకటి. మొదట ఆయనకు ప్రయోగశాలలో సహాయకులు లేరు. కావున తానే బయలుదేరి, నిచ్చెన మోయు కూలివానిని వెంటబెట్టుకొని, వీథివీథికి తిరిగి, ఆ గుంటలలోనికి దిగి కొలతలు తీసికొనుచుండెను. ఎం. ఏ. పట్టము పొందిన గణితవేత్త నిచ్చెన వెంట వీథులలో నడచుట ఆ నగరవాసులకు పరిచితమైన దృశ్యమే. లెక్కకు ముందు కొలత యుండవలెనని ఆయన యెరుగును. విద్యుత్తును కొలుచు సాధనములను కూడ ఆయన బాగుపరచెను. నాలుగంకెల లాగరిథము పట్టికలను తయారుచేసి ప్రకటించెను.

ఆయన రచనలు మిక్కిలి సంక్షిప్తములు. నిరూపణములను విపులముగా వ్రాయక, ఫలితములను క్లుప్తముగా చెప్పుట ఆయన అలవాటు. అందుచే ఇతరులకు వానిని గ్రహించుట కష్టముగా నుండెడిది. అయినను వాని విలువ త్వరలోనే విదేశములకు తెలిసెను. ఇంగ్లండులోని తపాలా శాఖవారు తమ టెలిఫోను మార్గములను లెక్కించుటకు ఆయన సూత్రమును స్వీకరించిరి. అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలలోని పరిశోధకు డొకడు ఆయన వ్యాసములను మూలములోనే చదువవలెనని డేనిషు భాషను నేర్చుకొనెనట. చిన్న దేశపు చిన్న భాషలో వ్రాసినను, వ్రాసినదానిలో సత్యమున్నచో ప్రపంచము దానిని వెదకికొని వచ్చునని ఈ సంగతి చాటుచున్నది.

ఎర్లాంగు వివాహము చేసికొనలేదు. కాలమునంతయు పనికిని, చదువునకును వినియోగించెను. గణిత, ఖగోళ, పదార్థ శాస్త్రముల పుస్తకములతో పెద్ద గ్రంథాలయమును కూర్చుకొనెను. ఆ పుస్తకములను తనకై దాచుకొనక అడిగినవారికి ఇచ్చుచు, తాను తెలిసికొన్నదానిని పంచుచుండెను. అన్నిటికంటె చెప్పదగినది ఆయన దాతృత్వము. అక్కరలో నున్నవారు ప్రయోగశాలకే వచ్చి ఆయన నడుగుచుండిరి. ఆయన ఇతరుల కంటబడకుండ వారికి సహాయము చేయుచుండెను. వాకిటికి వచ్చినవానిని రిక్తహస్తముతో పంపుట యెట్టిదో ఆయనకు కాగితముమీదనే కాక హృదయమున కూడ తెలియును.

ఇరువది సంవత్సరములలో ఆయన అనారోగ్య కారణముచే ఒక్కసారియైనను సెలవు తీసికొనలేదు. 1929 జనవరిలో మాత్రము ఉదరమునకు శస్త్రచికిత్స అవసరమై ఆసుపత్రిలో చేరెను. కొన్ని దినములకే, ఫిబ్రవరి 3వ తేదీ ఆదివారమున, 51వ యేట ఆయన మరణించెను. 1946లో టెలిఫోను విషయములను చర్చించు అంతర్జాతీయ సంఘమువారు రద్దీని కొలుచు ప్రమాణమునకు ఎర్లాంగు అని పేరు పెట్టిరి. 1948లో ఆయన జీవితమును, రచనలను ఆంగ్లభాషలో ఒక సంపుటముగా కోపెన్‌హాగనులో ప్రచురించిరి.

ఆయన చూడని యంత్రములకు కూడ ఆయన లెక్క అవసరమయ్యెను. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో ఒక క్రొత్త తలంపు పుట్టెను. రేడియో తరంగముల మార్గములు పరిమితములు. ఊరినంతటిని ఒక పెద్ద స్తంభముతో కప్పుటకు బదులు, తేనెపట్టు గదులవలె చిన్నచిన్న గదులుగా విభజించి, గదికొక స్తంభమును నిలిపినచో, ఒకదానికొకటి దూరముగా నున్న గదులలో అదే తరంగములను మరల వాడుకొనవచ్చును. ఈ గదికే ఆంగ్లమున సెల్ అని పేరు. సెల్‌ఫోను అను మాట దీనినుండియే వచ్చినది. మన దేశములో మొదటి సెల్‌ఫోను పిలుపు 1995 జూలై 31వ తేదీన కలకత్తానుండి ఢిల్లీకి వెళ్లెను. ఆ కాలపు పద్ధతిలో ఒక తరంగమును ఎనిమిది కాలభాగములుగా విభజింతురు. చిన్న స్తంభమున ఒక భాగము అదుపునకు పోగా ఏడు భాగములు మాటలకు మిగులును. నూటికి 2 పిలుపులు తిరుగబడు నియమముతో ఈ ఏడు మార్గములు మోయునది దాదాపు 3 ఎర్లాంగులు. రెండవ తరంగమును చేర్చి మార్గములను 14 చేసినచో 8 ఎర్లాంగులు మోయును. మార్గములు రెండింతలు; మోత రెండింతలకంటె ఎంతో ఎక్కువ. 1917 నాటి సూత్రమే ఇది.

సెల్‌ఫోను మరికొన్ని క్రొత్త చిక్కులను తెచ్చినది. పిలుచువాడు బండిలో పోవుచు ఒక గదినుండి మరియొక గదిలో ప్రవేశించును. అక్కడ ఖాళీ లేనిచో మాట నడుమనే తెగిపోవును. మొదలుకాని మాటను నిరాకరించుటకంటె, జరుగుచున్న మాటను త్రుంచుట ఎక్కువ బాధాకరము. కావున కొన్ని మార్గములను క్రొత్తవారి కీయక, ప్రక్క గదులనుండి వచ్చువారికై విడిచియుంచు పద్ధతి ఏర్పడెను. రద్దీ పెరిగిన చోట గదులను మరింత చిన్నవి చేయుదురు. నిండిన గదినుండి ఖాళీగా నున్న ప్రక్క గదికి కొన్ని పిలుపులను మరల్తురు. నేడు మాటలు కూడ చిన్నచిన్న ముక్కలై, చిత్రములు, ఉత్తరములు మున్నగువానితో కలిసి ఒకే బాటను పోవుచున్నవి. ఇట్టి ముక్కల రాక పాయిసన్ నియమమునకు లోబడదనియు, అది ఇంకను గుంపులు గుంపులుగా వచ్చుననియు 1990 తరువాతి పరిశోధకులు కనుగొనిరి. ఎర్లాంగు సూత్రము వీటన్నిటికి చాలదు. కాని కొలిచి, నియమము కనుగొని, ముందుగా సిద్ధపడవలెనను ఆయన మార్గమునే ఆ పరిశోధకులును అనుసరించిరి.

ఆ సూత్రము ఎక్కడ తప్పునో తెలిసికొనుట కూడ మనకు ముఖ్యము. పిలుచువారు ఒకరితో నొకరికి సంబంధము లేక పిలుతురనియు, తిరుగబడినవారు ఊరకుందురనియు ఆయన అనుకొని లెక్క కట్టెను. భూకంపమో, తుఫానో వచ్చినప్పుడు ఈ రెండును నిజము కావు. భయపడినవారందరు ఒక్కసారిగా తమవారిని పిలుతురు. తిరుగబడిన ప్రతివాడు వెంటనే మరల మరల నొక్కును. అంతట రద్దీ తనను తానే పెంచుకొనును. అట్టి సమయములకు ఏ దేశమును ముందుగా మార్గములు వేసియుంచజాలదు. కావున ఇంజనీర్లు సామాన్యపు పిలుపులను కొంత అడ్డి, అత్యవసరపు పిలుపులకు ముందు త్రోవ నిత్తురు. ఇచ్చట యంత్రముతో పాటు మనుష్యుని పాలు కూడ కలదు. అట్టి వేళ క్షేమసమాచారమును చిన్న సందేశముగా వ్రాసి పంపినచో చాల కొద్ది చోటు చాలును. ఒక్కసారి తిరుగబడినచో కొంతసేపు ఆగవలెను. మనము విడిచిన ఆ మార్గముననే ఎవని ప్రాణమో నిలువవచ్చును.

విద్యార్థులారా, ఎర్లాంగు చరిత్రములో అద్భుతములు లేవు. పల్లెటూరి బడి, ఉచిత వసతి, ఏడేండ్ల ఉపాధ్యాయవృత్తి, ఇరువదేండ్ల ఒకే కంపెనీ కొలువు, ఇంతే. అయినను ముఖము తెలియని లక్షల జనులు ఒకే త్రోవలో త్రొక్కిసలాడకుండ నడుచుటకు ఆయన లెక్క తోడ్పడినది. గణితము బ్రతుకునకు దేనికని మీలో ఎవరైన తలంచినచో, ఈసారి మీ పిలుపు మొదటిసారియే అందినప్పుడు, నిచ్చెనవాని వెంట కోపెన్‌హాగన్ వీథులలో నడచిన ఆ మాజీ ఉపాధ్యాయుని ఒక్క క్షణము స్మరింపుడు.